అట్టబొమ్మకు పెట్టిన ముద్దు

ప్రియమైన డోర్తెకు,

ఎస్బియర్ నుంచి ప్రెబెన్ రాయునది. ఇక్కడ నేనూ, అత్తయ్యా, కుక్కా కులాసా. బ్యాంకాక్ ఎండలకు నీ గొంతు పాడవకుండా ఉందని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బాయిలర్ బాగయింది. నువ్వు పంపిన మీ జంట పాటల వీడియో క్యాసెట్ అందింది. అత్తయ్య దాన్ని అరిగేదాకా చూస్తోంది. "యెస్పర్ నా కూతుర్ని ఎంత తేలిగ్గా ఎత్తి తిప్పుతున్నాడో చూడు! నువ్వు పెళ్లిరోజున గుమ్మం దాటించడానికే రొప్పావు" అని నాకు వినిపించేలా అంటుంది. నేను వంటగదిలోకి పోయి కాఫీ కలుపుకుంటాను.

కొత్త రికార్డుకు సంతకం పెట్టనా వద్దా అని అడిగావు. నువ్వూ యెస్పరూ నిజంగానే ప్రేమికులని పత్రికలకు చెప్పాలి, నీకు పెళ్లయిన సంగతి పొక్కకూడదు. ఇదేగా కంపెనీవాళ్ల షరతు? దానికే వస్తున్నాను, కాస్త ఓపిక పట్టు.

మీరిద్దరూ యూత్ క్లబ్బులో మొదటిసారి పాడినప్పుడు స్పీకర్లు మోసింది నేను. ఆ బాత్‌టబ్బులో బాతుల పాటతో మీ జంట 'హిప్-హోప్లా' పేరు దేశమంతా మోగిపోయింది. స్టూడియోవాడు నీ గొంతు వేగం పెంచి చిన్నపిల్ల గొంతు చేస్తే, అసలు గొంతు నాకొక్కడికే మిగిలిందని మురిసిపోయాను. రెండో రికార్డు దుకాణాల్లో సగం ధర బుట్టలో పడినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు ఏడుపు రాలేదు. ఇక ఇంటికొచ్చేస్తావనుకున్నాను. నువ్వేమో యెస్పర్‌తో కచేరీలకని ఆసియా వెళ్లావు. ఎవరైనా ఫోన్ చేస్తే "డోర్తె అన్నను" అని చెప్పమన్నావు. రెండేళ్లుగా అలాగే చెబుతున్నాను.

శనివారం మా తమ్ముడు ఫ్లెమ్మింగ్ పెళ్లయింది. భోజనాల దగ్గర మామూలే, అందరూ ఫోర్కులతో పళ్లేలు వాయించడం, కొత్తజంట కుర్చీలెక్కి ముద్దు పెట్టుకోవడం. కాసేపటికి రేవులో నా క్రేన్ దగ్గర పనిచేసేవాళ్లు రికార్డుల షాపు నుంచి మీ ఇద్దరి నిలువెత్తు అట్టబొమ్మను మోసుకొచ్చారు.

"ప్రెబెన్ అన్నా, వదినను తెచ్చాం! ఎక్కు కుర్చీ!"

పళ్లేలు మోగాయి. ముద్దు పెట్టేదాకా ఆపరు కదా, ఎక్కాను. బొమ్మలో యెస్పర్ చెయ్యి నీ నడుం చుట్టూ ఉంది, వాడి చెంప నీ చెంపకు అతుక్కుని ఉంది. నిన్ను ముద్దు పెట్టుకోబోతే నా ముక్కు వాడి చెవికి తగిలింది.

"తోసుకోకురా, ముగ్గురికీ చోటుంది!" అని బాబాయి అరిచాడు. అందరూ పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను.

దిగాక, కోపెన్‌హేగెన్ నుంచి వచ్చిన పెళ్లికూతురి మేనత్త నా పక్కకు చేరింది. "మీరు ఆ పిల్ల అన్నగారట కదా? చెల్లెలికి పళ్లేలు కొట్టి ముద్దు పెట్టించడమేమిటండీ, చోద్యం కాకపోతే! ఆ కుర్రాణ్ణి కదా కుర్చీ ఎక్కించాలి" అంది.

కడుపు మండిపోయింది డోర్తె. ఇది అసూయే, వేరే పేరు పెట్టను. వాడి చేతిని చూసి ఒక వంతు, వాడి పక్కన నువ్వు నవ్వుతున్న ఆ నవ్వు చూసి మూడు వంతులు. ఆ నవ్వు మనింట్లో చూసి చాలా కాలమైంది.

ఇక అసలు సంగతి. సోమవారం ఒక వారపత్రిక నుంచి అమ్మాయి ఫోన్ చేసింది. "డోర్తె గారికీ యెస్పర్ గారికీ పెళ్లెప్పుడండీ? మీరు ఆవిడ అన్నయ్యే కదూ?"

"అన్నను కాను, మొగుణ్ణి. ఫొటో కావాలా?" అన్నాను.

కావాలంది. గోడ మీది మన పెళ్లిఫొటో తీసి పోస్టులో పంపేశాను. గురువారం అచ్చవుతుంది. ఈ ఉత్తరం నీకు చేరేసరికి దేశమంతా చదివేసి ఉంటుంది.

సంతకం పెట్టనా అని నువ్వు నన్నడిగావు. నేను నిన్నడక్కుండానే జవాబిచ్చేశాను. కంపెనీవాళ్లు ఒప్పందం చించేస్తారేమో. యెస్పర్ పొట్ట కూడా కొట్టినవాణ్ణయ్యాను. వాడు మంచివాడు, అదే నాకు మరీ కష్టంగా ఉంది. క్షమించమని రాయబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఫోన్ పెట్టేశాక ఈల వేసుకుంటూ అంట్లు తోముకున్నాను. నువ్విక ఇంటికి రాకపోవచ్చని తెలిసే చెప్పాను. కోపమొస్తే ఫోన్ చేసి తిట్టు. ఎవరి ముందు తిట్టినా సరే, మొగుణ్ణి తిట్టినట్టు తిట్టు.

ఇట్లు,
ఇకమీదట ఎవరడిగినా
నీ భర్త,
ప్రెబెన్