మస్తానమ్మ హస్తవాసి

2024 నవంబర్ 20
ల్యాబ్‌లో నలభై ప్యాకెట్లు కట్టాను. ఇరవైలో బతికున్న బ్యాక్టీరియా. మొక్కజొన్న వేళ్లను పట్టుకుని, గాలిలోని నత్రజనిని అందించే రకం. మిగతా ఇరవై, పోల్చి చూడటానికి, ఆటోక్లేవ్ ఆవిరిలో పెట్టి చంపేశాను. రంగూ వాసనా ఒకటే. ఏది ఏదో మా సుధాకర్ సార్‌కీ నాకూ మాత్రమే తెలుసు. కోత దాకా రైతులకు చెప్పకూడదని నాతో సంతకం పెట్టించుకున్నారు. తెలిస్తే చచ్చిన పొడి వచ్చినవాళ్లు ఎరువు పెంచేస్తారట. ట్రయల్ పాడవుతుందట.

నవంబర్ 27, ఉదయం 7. అల్లూరు
చీటీలు తీశారు. మస్తానమ్మకు చచ్చినది. పక్క పొలం గంగాధరానికి బతికినది.
అరవై ఏళ్ల మనిషి మస్తానమ్మ. ఊళ్లో ఎవరు విత్తినా తొలి పిడికెడు ఆమె చేతే వేయిస్తారు. అంత మంచి హస్తవాసి అని పేరు. బెల్లం నీళ్లలో పొడి కలిపి, గింజగింజకూ పట్టించి, నీడన ఆరబెట్టింది. "ప్రాణమున్నయ్యి గదా గుల్నాజు పాపా, మెల్లిగా కలపాల" అంది. తలూపాను.
గంగాధరం బకెట్లో కుమ్మేసి ఫోన్ మాట్లాడుతున్నాడు.

డిసెంబర్ 30
అటు ముదురు పచ్చ. ఇటు పసుపు. మధ్యలో ఒక్క గట్టు. ఇసుక నేల, ట్రయల్ రూల్ ప్రకారం ఇద్దరికీ యూరియా సగమే. ఫొటో పంపాను. సార్ 'సూపర్' అని పెట్టారు.

2025 జనవరి 22
"నేనేం తప్పు జేసినాను పాపా?" అని మస్తానమ్మ అడిగింది.
ఏమీ లేదన్నాను. నిజం చెప్పేయనా అని సార్‌కి ఫోన్ చేస్తే, ఇంకో రెండు నెలలే కదా, ఎమోషనల్ కావద్దన్నారు.
కాలేదు.

ఫిబ్రవరి 9
ఊళ్లో నువ్వులు చల్లుతున్నారు. ఆమెను ఎవరూ పిలవలేదు. ముసలమ్మ చెయ్యి చచ్చిపోయిందని టీ కొట్టులో గంగాధరం అన్నాడట. చెడిపోతుందని కోడలు ఉష ఆమెను చింతకాయ పచ్చడి జాడీ ముట్టనివ్వడం లేదట.

మార్చి 18
కోత. ఆమె కంకుల్లో సగానికి గింజ పట్టలేదు. ఇంత క్లీన్ డిఫరెన్స్ ఎప్పుడూ చూడలేదన్నారు సార్. నా జాబ్ పర్మనెంట్.

మార్చి 20
ఇక చెప్పొచ్చు. నలుగురినీ పిలిచి ఆమె వాకిట్లోనే చెప్పాను. తప్పు ఆమె చేతిది కాదు, ఆ పొడి నేను చంపి ఇచ్చింది అని.
గంగాధరం నవ్వాడు. "చచ్చిన పొడి పంచే కంపెనీ యాడన్నా ఉంటదా? ముసిలామెని జూసి జాలిపడతా ఉండావు."
రిపోర్ట్ చూపించాను. ఇంగ్లీషులో ఉంది. ఎవరూ అందుకోలేదు.
అందరూ వెళ్లాక మస్తానమ్మ నన్ను లోపలికి పిలిచింది. "నా కోసరం అబద్ధాలు చెప్పబాక పాపా. నువ్వు అట్టాంటి పిల్లవి కాదు" అంది. అల్లా మీద ఒట్టు వేశాను. నా మీద జాలిపడ్డట్టు చూసింది. మజ్జిగ ఉష చేత ఇప్పించింది. గ్లాసు తను ముట్టలేదు.

నవంబర్ 12
ఆమె పొలంలో తొలి పిడికెడు గంగాధరం విత్తుతున్నాడు. ఆమె గట్టు మీద నిలబడి ఉంది. నమస్తే పెట్టాను. కొంగులో చుట్టుకున్న చేతులు బయటికి తియ్యలేదు.