నాలుగు చెవుల చిమ్మట

అమ్మకు నమస్కారాలు. నేనిక్కడ క్షేమం, పెట్టెల్లోని నా చిమ్మటలూ క్షేమం. నువ్వూ నాన్నా హాయిగా ఉన్నారని తలుస్తాను. మోకాలి నొప్పి తగ్గిందన్న మాట చదివి ప్రాణం లేచొచ్చింది.

"చచ్చిన పురుగుల పొట్టలు చూస్తే జీతం ఎవరిస్తారే?" అని అడిగావు. ఇస్తున్నారమ్మా, టంచనుగా! పుట్టిన బిడ్డను చూసి ముక్కు మేనత్తది, చెవులు తాతవి అని నువ్వు తేల్చేస్తావు చూడు, నా పనీ అదే. రెక్కల్లో ఈనెలు, పొట్టలో భాగాలు పక్కపక్కన పెట్టి చూసి, ఏది దేనికి చుట్టమో చెప్పడం. కొన్ని చిమ్మటలకు చెవులు ఛాతీలో ఉంటాయి, కొన్నిటికి పొట్టలో. నవ్వకు, నిజం!

మా మ్యూజియం పెద్దాయన పేరు మోగిపోయింది నాలుగు చెవుల చిమ్మటతోనే. రెండు చోట్లా రెండేసి చెవులున్న ఆ ఒక్కదాన్ని చూసి, రెండు కుటుంబాలనూ కలిపేది ఇదేనని వయసులో ఉన్నప్పుడే చిమ్మటల జాబితాలో దానికో కొత్త గుంపు కట్టారు. పుస్తకాలన్నీ ఒప్పుకున్నాయి. ఈ నెలతో ఆయన రిటైరవుతున్నారు. సన్మాన సభలో పెట్టడానికి దాని లోపలి భాగాల బొమ్మ గీయమని నాకప్పగించారు.

ఇంతవరకూ కబుర్లు చెప్పాను గానీ అసలు సంగతి దాచాను. నోరు అదుపులో పెట్టుకోమన్నావు కదా, పెట్టుకోలేకపోయాను. లోపల చూద్దామని తడిపితే, తడి తగలగానే ఆ చిమ్మట పొట్ట ఊడి వచ్చేసింది. అంచున జిగురు! ఎవరో ఒకదాని పొట్ట ఇంకోదానికి అతికించారు. చెబితే ఆయన పేరు పోతుంది, నా ఉద్యోగమూ ఊడొచ్చు. చెప్పకపోతే అబద్ధానికి బొమ్మ గీయాలి. వెళ్ళి ఆయనకే చెప్పేశాను.

ఆయన చాలాసేపు భూతద్దంలో చూసి, ఆ చిమ్మటను పట్టుకుని ఇంటికెళ్ళిపోయారు. మర్నాడు భార్యను వెంటబెట్టుకొచ్చారు.

"పెళ్ళైన కొత్తలో ఇంట్లో ఈయన బల్ల నేను తుడుస్తుంటే చిమ్మటల పొట్టలు రాలిపోయాయమ్మా. అరుస్తారని దొరికినవి దొరికినట్టు అతికించేశా. పురుగుల్లో కూడా ఎవరి పొట్ట వాళ్ళదేనని నాకేం తెలుసు?" అందావిడ.

ఆయన పడీపడీ నవ్వారు. నాకు అప్పుడు ఊపిరాడింది.

నిన్న సభలో ఆయన లేచి, "నా గుంపు ఇవాళ్టితో రద్దు. దాన్ని పుట్టించింది మా ఆవిడ, పట్టుకుంది ఈ అమ్మాయి. మధ్యలో పేరు కొట్టేసింది నేను!" అన్నారు. అందరికంటే గట్టిగా ఆవిడే చప్పట్లు కొట్టింది. తర్వాత ఆయన నన్ను పిలిచి, తన చిమ్మటల బీరువా తాళాలు చేతిలో పెట్టారు.

"నేను కట్టిన గుంపులు ఇంకా ఉన్నాయమ్మా. అన్నీ తడిపి చూడు" అన్నారు.

అందరి ముందే ఏడ్చేశానమ్మా, సంతోషంతో.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి