తూర్పు సందులో పూసిన ఆర్కిడ్

ఇబ్రహీంపట్నం,
ఫిబ్రవరి 2019

చిరంజీవి యమునకు,

బాపు ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమంగానే ఉన్నాం, ఎవరి గోడ వెనక వాళ్ళం. కాలింపాంగ్ చలిలో నువ్వూ అల్లుడూ పిల్లలూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నచ్చని మాట రాగానే పెట్టేస్తాను. ఉత్తరమైతే చివరిదాకా రాయక తప్పదు.

ముందు పాత సంగతి. ఇల్లు పంచుకున్ననాడు మీ చిన్నాయన రమాకాంత్ పెద్దమనుషుల ముందు నా చేతిలో చెయ్యి వేసి, మన రెండిళ్ళ నడుమ తూర్పు సందులో గోడ లేపనని మాటిచ్చాడు. నేను చదువుకునే గది కిటికీ ఆ సందులోకే కదా. తరువాత రింగురోడ్డు పుకారు పుట్టి, ఊళ్ళో ప్రతివాడికీ షట్టర్లు కట్టి కిరాయికి ఇవ్వాలన్న జ్వరం పట్టింది. మీ చిన్నాయన నా కిటికీకి బారెడు దూరంలో రెండంతస్తులు లేపాడు. సాక్షి రామచంద్రయ్యను అడిగితే, "యాదికొస్తలేదు అంజిలయ్యా. ఆనాడు మటన్ మంచిగుండె, గదొక్కటే యాదికున్నది" అన్నాడు. అప్పటినుంచీ పట్టపగలే లైటు వేసుకుని చదువుతున్నాను. పన్నెండేళ్ళుగా తమ్ముడితో మాట లేదు.

ఇక నీ ప్రశ్నలు. అవును, పువ్వు విచ్చింది. నువ్వు పంపిన మూడు ఆర్కిడ్ మొక్కల్లో రెండే ఉన్నాయి. ఒకటి పోయిన ఎండాకాలమే చచ్చిపోయింది, నీకు రాయలేదు. ఇంటిపనికి వచ్చే బుగ్గమ్మ రోజూ బియ్యం కడిగిన నీళ్ళు దాని ఆకుల నడుమ పోసింది. అడిగితే, "బలముంటది సార్, పసిపిల్లకు పాలు పోసినట్టే" అంది. ఆ నడిమి గుంటలో నీళ్ళు నిలిస్తే మొగ్గ పుట్టే చోటే కుళ్ళుతుంది. ఒకరోజు ఆకు పట్టుకుంటే మొదలంతా చేతిలోకి ఊడివచ్చింది. మొక్కతోపాటు నువ్వు పంపిన చిట్టీలో చలి గురించి, బెరడు ముక్కల గురించి రాశావు గానీ ఈ ముక్క రాయలేదు. పుస్తకాలు తెప్పించుకుని నేనే తెలుసుకోవలసి వచ్చింది.

ఏ నీళ్ళు పోస్తున్నావని అడిగావు. బోరు నీళ్ళు పోస్తే ఆకుల కొసలు నల్లబడ్డాయి, ఉప్పు వాటికి పడదు. వాననీళ్ళే పోస్తున్నాను. రమాకాంత్ స్లాబు మీది నీళ్ళు పైపులోంచి నా సందులోకే పడతాయి. ఆ పైపు కోసం ఒకప్పుడు పంచాయితీ పెట్టినవాడిని, ఇప్పుడు దాని కింద డ్రమ్ములు పెట్టుకున్నాను. వెలుతురు ఉండాలి గానీ నేరుగా ఎండ తగలకూడదని పుస్తకాలన్నీ అంటున్నాయి. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, ఆ గోడ నీడ లేకపోతే మన ఏప్రిల్ ఎండకు ఇవి వారం బతికేవి కావు.

మొక్క జానెడు కూడా లేదు. మచ్చల ఆకుల నడుమనుంచి ఒకటే కాడ, దాని మీద ఒకటే పువ్వు. పైన తెల్లటి రేకు మీద ఎర్రని గీతలు, కింద చెప్పు ముందుభాగం లాంటి సంచి. ఒకసారి పూసిన పిలక మళ్ళీ పూయదట, పక్కన ఇంకో పిలకను లేపుతుందట.

మూడో ప్రశ్నను ఇంతదాకా దాటవేశాను. "చిన్నాయనకు సోమవారం గుండె ఆపరేషన్. పెద్దోనివి, నువ్వే పోయి పలకరించరాదా బాపూ" అని రాశావు. నేను పోలేదు. ఆయనే వచ్చాడు.

మొన్న పొద్దున కుండీ దగ్గర కూర్చుని ఉంటే పైన కిటికీలోంచి గొంతు వినబడింది.

"అన్నా, గదేం పువ్వే? చెప్పు లెక్కున్నది."

"చెప్పే. మాట తప్పినోళ్ళ కోసం పూసింది."

నవ్వాడు. మెట్టుకొకసారి ఆగుతూ దిగివచ్చి, సందులో తలకిందులుగా ఉన్న బకెట్ మీద కూలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. పువ్వు వైపే చూస్తూ అన్నాడు:

"గోడ కట్టుకోమన్నది వదిననే అన్నా. ట్రాక్టరు అమ్ముకొని నేను ఖాళీగున్న గద, షట్టర్ల కిరాయొస్తె పిల్లలు బతుకుతరన్నది. మీ అన్నకు నేను జెప్త, నువ్వు కట్టుకో అన్నది. నువ్వు గల్లీల నిలవడి మొత్తుకునెసరికి భయపడ్డది. తిట్లు నువ్వే పడు రమాకాంత్, నువ్వైతె ఓర్చుకుంటవని ఒట్టేయించుకున్నది."

"ఆమె పోయి మూడేండ్లాయె. అప్పుడన్న జెప్పకపోయినవ్?"

"పోయినామె మీద నేరమేసినట్టయితదని ఊకున్న. రేపు నేనుగిట్ల లేవకపోతె, నీకు జెప్పెటోడుండడు."

అబద్ధమని లేచాను. కానీ ఒక సంగతి గుర్తొచ్చింది. పునాది తవ్వడానికి ముందు నెలలోనే మీ అమ్మ తులసికోటను సందులోంచి తీయించి ముంగిట్లో పెట్టించింది. ఎందుకే అంటే, "గక్కడ ఎండ మంచిగొస్తది" అంది. ఇన్ని పుస్తకాలు చదివినవాడిని, ఇంట్లోని ఆ మాట చదవలేకపోయాను.

లోపలికి పోయి తమ్ముడికి చాయ్ పెట్టి ఇచ్చాను. చక్కెర వేయలేదని సణిగాడు. సోమవారం నేనూ ఆయనతో దవాఖానకు పోతున్నాను. నువ్వు ఫికర్ పెట్టుకోకు. నేను ఇంట్లో లేని రోజుల్లో కుండీల జోలికి పోవద్దని బుగ్గమ్మకు గట్టిగా చెప్పాను.

నా కోపం తీరిపోయిందని మాత్రం మీ ఆయనతో అనకు. తమ్ముడి మీదినుంచి దించాను, అంతే. ఒకే కప్పు కింద ఉంటూ, పగలు లైటు వేసుకుని తమ్ముణ్ణి తిట్టుకునే నన్ను రోజూ చూస్తూ, చాయ్ గ్లాసు పక్కన పెట్టి పోతూ కూడా ఆ ఒక్క మాట చెప్పకుండానే కన్నుమూసిన మనిషి ఉంది. ఆమెను మాత్రం వదిలిపెట్టను. మీ అమ్మ సత్తమ్మను.

ఇట్లు,
మీ బాపు