ముందుగదిలో పెట్టించిన జిమ్ము

మంగళవారం, రాత్రి

మా ఆయనకి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. రోజూ పెద్దాపురం నుంచి రాజమండ్రి తీసుకెళ్లి కసరత్తు చేయించడం నా వల్ల కాక, ఫిజియోథెరపీ డాక్టరుగారు చెప్పినవన్నీ ఇంట్లోనే పెట్టించాను. పట్టుకుని నడిచే కమ్మీలు, కూర్చుని తొక్కే సైకిలు, బరువులు. మొత్తం నలభై ఎనిమిది వేలు. ఇవాళ సాయంత్రమే బిగించి వెళ్లారు.

కమ్మీలు పట్టుకుని ఆయన ఆరడుగులు వేశారు. నేను సంతోషపడేలోపే ఆగి, "ఇంత డబ్బు ఎక్కడిదే?" అని అడిగారు. అబద్ధం చెప్పడం చేతకాలేదు.

"మీ స్కూటరు అమ్మేశానండి."

ఆయన ఒకసారి వాకిలి వైపు చూశారు. తర్వాత నెమ్మదిగా, "అంటే, ఇంక నేను బండి నడపననే అనుకున్నావన్నమాట" అన్నారు.

కాదని వెంటనే అనాల్సింది. అనలేకపోయాను. బేరం కుదిరిన రోజు నిజంగానే అలా అనుకున్నాను, ఇక కొట్టుకి వెళ్లినా నా చెయ్యి పట్టుకునే వెళ్లాలని. అది ఆయన నా ముఖంలో చూసేశారు.

నేను చెయ్యి అందించబోతే వద్దని తల ఊపి, ఒక్కరే వెనక్కి తిరిగి మళ్లీ నడవడం మొదలుపెట్టారు.