కడిగి పంపిన మట్టి

బుధవారం, ఉదయం 6.40

ప్రియమైన శ్రీమతికి,

జరిగినది జరిగిన వరుసలో రాస్తున్నాను.

1. మన స్థలంలో పరీక్ష బోరు వేయించి, పదేసి అడుగులకొకటి చొప్పున నువ్వు పంపిన మట్టి పొట్లాలు అందాయి.

2. తెల్ల కాగితం మీద పోసి భూతద్దంతో చూశాను. పైనుంచి కిందిదాకా ఇసుకే. బంకమట్టి పొర ఎక్కడా లేదు.

3. అది సముద్రానికి దగ్గరి నదీముఖ భూమి. పై ఇసుకలో మంచినీరు, అడుగు ఇసుకలో ఉప్పునీరు ఉంటాయి. నడుమ బంకమట్టి అడ్డుంటేనే మోటారు వేసినా ఉప్పు పైకి రాదు. మనకు ఆ అడ్డు లేదు.

4. కనుక ఇల్లు కట్టే ఆలోచన మానుకుందాం. స్థలం అడుగుతున్నాయనకు ఇచ్చెయ్యి.

ఈ నాలుగోది రాయడానికి చాలాసేపు పట్టింది.

ఇట్లు,
నీ భర్త,
సీనియర్ బోరింగు పరిశీలకుడు

గురువారం

ఏమండీ,

ఉత్తరం చదివాను. మీ ఉద్యోగం వెంట అద్దె ఇళ్లు మారీ మారీ విసిగిపోయిన అమ్మాయి, ఇక సామాను కట్టేది లేదని అందరికీ చెప్పేసుకుంది. దానికింకా ఈ మాట చెప్పలేదు. కొనే ఆయన్ని ఆదివారం రమ్మన్నాను.

"ఇంత ఇసుకతో అయ్యగారు పిచ్చుక గూళ్లు కట్టుకుంటారా అమ్మా?" అని, ఆరబోసిన మట్టి చూసి బోరు మేస్త్రీ నవ్వాడు. ఒళ్లు మండింది. మీకు మురికి గిట్టదని, పొట్లం కట్టే ముందు ఒక్కో మట్టినీ బియ్యం కడిగినట్టు, నీళ్లు తేటపడేదాకా కడిగి, ఎండబెట్టి పంపాను. నలభై, యాభై అడుగులవైతే ప్రాణం తీశాయి. బకెట్టు మట్టి కడిగితే చారెడు మిగిలింది!

అన్నట్టు, భర్త అని రాశాక ఉద్యోగం కూడా రాయాలా?

మీ
ఇంటావిడ

శనివారం

ప్రియమైన నీకు,

స్థలం అమ్మొద్దు. నువ్వు కడిగి పారబోసిందే బంకమట్టి! నలభై నుంచి యాభై దాకా ఉప్పునీటికి మూతలా ఉన్నది అదే. తప్పు నాది. పొట్లాలు శుభ్రంగా ఉండాలని రాశాను గానీ మట్టిని కడగవద్దని రాయలేదు. అలా కడుగుతారన్న ఊహే నాకు రాలేదు.

పక్కనే మరో బోరు వేయించు. జిగురు మట్టి తగలగానే ఆపెయ్యమను, మూతకు చిల్లు పడకూడదు. పాత బోరును అడుగు నుంచీ బంకమట్టితో కూరెయ్యమను. రేపటికి పోస్టు అందదని దీన్ని బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. కొట్టివేతలు మన్నించు.

నీవాడు

సోమవారం

ఏమండీ,

నిన్న డ్రైవరు వచ్చి కేకేసేసరికి కొనే ఆయన మన గుమ్మంలోనే ఉన్నాడు. టీ ఇచ్చి, మా ఆయన మనసు మారిందన్నాను. "మొన్నొక మాట, ఇవాళొక మాట. మీ ఆయనతో ఎలా వేగుతున్నావమ్మా?" అంటూ తాగి వెళ్లాడు.

పాత బోరు పూడ్పించాను. కొత్తది నలభై చేరగానే మేస్త్రీ "అమ్మా, జిగురు!" అని అరిచాడు. అక్కడే ఆపించాను. పైన ఇసుకలోంచి వచ్చిన నీళ్లు అమ్మాయి తాగి చూసింది. తియ్యగా ఉన్నాయట.

ఈ కాగితం మీది మరకలకు చిరాకు పడకండి. మూలనున్న బొటనవేలి గుర్తు మన బంకమట్టిదే. కడగలేదు.

మీ
ఇంటావిడ