కడుపులోని ఊఁ

సరోజా,

శుక్రవారం. నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దుటి నుంచి ముసురు. మగ్గం గుంటలో ఊరిన చెమ్మ తుడిచాను.

నేను నేస్తూ రోజుకో ఇంగ్లీషు మాట చెబితే, నువ్వు పక్కన పీట మీద నూలు కండెలు చుడుతూ ఊఁ కొట్టేదానివి. నువ్వు లేకపోయినా నిఘంటువు చూసి చెబుతూనే ఉన్నాను. ఈ రోజు మాట వెంట్రిలోక్విజం. పెదవులు కదపకుండా, గొంతు ఇంకెక్కడి నుంచో వచ్చినట్టు మాట్లాడే విద్య. హిందూపురం ఎగ్జిబిషన్‌లో బొమ్మను మాట్లాడించినవాణ్ణి చూసి, "ఏమయ్యా, దాని కడుపులో ఎవరుండారు?" అన్నావే, అదే. లాటిన్‌లో దానర్థం కడుపుతో మాట్లాడటమట. చనిపోయినవాళ్లే మనిషి కడుపులో చేరి అట్లా పలుకుతారని పూర్వం నమ్మేవారట.

ఇంతవరకు రాసి, నీకు గట్టిగా చదివాను. నీ పీట వైపు నుంచి "ఊఁ" అని వినిపించింది.

వాకిట్లో ఉన్న పక్కింటి అవ్వ, "ఎవరబ్బా లోపల? అచ్చం సరోజ మాదిరే ఊఁ కొడతాండాది!" అంది.

"ఎవరూ లేరవ్వా" అన్నాను.

ఊఁ అనడానికి పెదవులు కదలక్కర్లేదు. నేనే అన్నానేమో. ఇంకో మాట చదివి ఊపిరి బిగబడితే తెలిసిపోతుంది. అప్పుడు ఏమీ వినిపించకపోతే, రేపటి నుంచి ఎవరికి చదవాలి?

నిఘంటువు తెరిచే ఉంది. ఊపిరి మాత్రం బిగబట్టలేదు. కండెలు ఇంకా నీ పీట పక్కనే ఉన్నాయి. రేపటి మాట కూడా నీకే చదువుతాను.