ఆకు వంపు

చెల్లాయికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నా కుడి మోకాలు మాత్రం వేరు కాపురం పెట్టినట్టు తన ఇష్టం వచ్చినట్టు ఉంటోంది. నువ్వూ, మరిదీ, పిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

వంటింటి పైకప్పు కారడం ఆగిందా అని అడిగావు. ఆగింది. మీ బావ తానే బాగుచేస్తానని నిచ్చెన తెచ్చి, మూడో మెట్టు మీద నిలబడి పక్కింటాయనతో గంటసేపు లోకాభిరామాయణం మాట్లాడి దిగివచ్చాడు. మర్నాడు పనివాణ్ణి పిలిచాను. వాడు పని ముగించాక "నేను చెప్పినట్టే చేశాడు" అన్నాడు మీ బావ.

ఇక నువ్వడిగిన అసలు సంగతి. మీ ఆసుపత్రి పిల్లల వార్డులో బయటికి వెళ్లలేని పిల్లలు కిటికీలోంచి రాలే ఆకుల్ని చూస్తూ దిగులు పడుతున్నారనీ, వాళ్లచేత చేయించడానికి సులువైన పనులేవైనా ఉంటే రాయమనీ అన్నావు. ఉన్నాయి. గత ఐదు శనివారాలుగా నేను చేయిస్తున్నవి అవే. వాటిని తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది.

మా ఊరి లైబ్రరీ మేడమీద గది ఉంది చూడు, అక్కడ "ఆకురాలే కాలంలో ఇంటిల్లిపాదీ చేసుకోగల సులువైన చేతిపనులు, ఆరు శనివారాలు" అని బోర్డు పెట్టారు. నేర్పడానికి మా గుడ్డపూల కార్ఖానా నుంచి ఒకరిని పంపమని మా యజమాని పెద్దాయన్ని అడిగితే ఆయన నన్ను తోశాడు. ఇరవై ఆరేళ్లుగా గుడ్డకి గంజి పెట్టి, ఆకు కత్తిరించి, వేడి ఇనుముతో ఈనెలు నొక్కి, తీగ చుట్టి, దుకాణాల అద్దాల వెనక కొమ్మలు నిలబెడుతున్నదాన్ని. నా పనికి "సులువైన" అని పేరు పెట్టినవాడెవడో ఒక్కరోజు నా బల్ల దగ్గర కూర్చుంటే తెలిసేది.

ఆ గదికి పెత్తందారు ఒకావిడ. ఏం చూసినా "అద్భుతం" అంటుంది. ఖాళీ కాగితం చూసినా అంటుంది. అద్భుతమ్మ అనుకో. ఇంకొకావిడ రిటైరైన ప్రిన్సిపాలు. నేను చెప్పేది అయ్యేలోపు మిగతావాళ్లకి తాను మళ్లీ చెబుతుంది, అదీ తప్పుగా. మొదటి వారం కాగితం కింద ఆకు పెట్టి, పైన రంగు క్రేయాన్ అడ్డంగా రుద్దించాను. ఈనెలు తేలాయి. తేలక ఏం చేస్తాయి? ప్రిన్సిపాలుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని "నాలో ఒక కళాకారిణి ఉందని ఇన్నేళ్లూ నాకు తెలియనే లేదు" అంది. నాకు ఇప్పటికీ తెలియలేదు.

రెండో వారం ఎండిన కాయలూ గింజలూ దండలు గుచ్చడం, గులకరాళ్ల మీద ముక్కూ మొహం గీయడం. పాపం, ఏ జన్మలో ఏం పాపం చేశాయో ఆ రాళ్లు. మూడో వారం గాజు సీసాకి బయట ఆకులు అతికించి లోపల చిన్న దీపం పెట్టడం. ఒప్పుకుంటాను, వెలిగించాక ఫరవాలేదు. ఆ గొప్ప దీపానిది, అతికించినవాళ్లది కాదు. మీ పిల్లలకి ఈ మూడూ నిక్షేపంగా సరిపోతాయి. సీసాలో మాత్రం నిప్పు వద్దు, టార్చిలైటు పెట్టు.

నాలుగో వారం సంగతి కొంచెం నెమ్మదిగా చెప్పాలి.

ఆ రోజు ఆకుల్ని రెండు మైనపు కాగితాల మధ్య పెట్టి, పైన గుడ్డ కప్పి ఇస్త్రీ చేయాలి. మైనం కరిగి ఆకు రంగు అలాగే నిలిచిపోతుంది. ప్రిన్సిపాలుగారు ఇస్త్రీపెట్టె అందుకుని, ఉపన్యాసం ఇస్తూ ఆకుని బొగ్గు చేసింది. అప్పుడు బల్ల చివర నుంచి ఒకావిడ లేచింది. మా వీధి మలుపులో లాండ్రీ ఉంది, అందులో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. మూడు వారాలుగా నోరు విప్పలేదు. వచ్చి, వేలు తడుపుకుని పెట్టె అడుగున ఇలా తాకించి, "ఇంకొంచెం చల్లారాలండీ" అంది. తర్వాత అందరి ఆకులూ తానే చేసిపెట్టింది. ఒక్కటీ మాడలేదు.

అందరూ టీ తాగుతుంటే, మిగిలిన మైనపు కాగితాలు తీసుకుని తనకోసం ఏదో మొదలుపెట్టింది. ఆకులు కత్తిరించింది. పెట్టె కొనతో ఒక్కొక్క ఆకునీ ఒక్కొక్క చోట తాకించి మెలితిప్పింది. తీగకి చుట్టింది. ఇరవై నిమిషాల్లో ఒక కొమ్మ. చెల్లాయీ, నా ఆకులు ఎలా ఉంటాయో నీకు తెలుసు. శుభ్రంగా, సమంగా, చాప మీద పడుకోబెట్టినట్టు ఉంటాయి. ఆవిడ కొమ్మ మీద ఆకులు ఇప్పుడో ఇంకాసేపటికో రాలిపోతాయన్నట్టు ఉన్నాయి. ఆ వంపు కోసం నేను ఇరవై ఆరేళ్లుగా తంటాలు పడుతున్నాను.

"టీచరుగారూ, బాగుందా?" అని అడిగింది.

"కుదరలేదమ్మా. ఆకులన్నీ తలో దిక్కూ పోయాయి. విప్పేయండి," అన్నాను.

అద్భుతమ్మ కూడా ఆ ఒక్కసారి నోరు మూసుకుంది, నేను అంత గట్టిగా అన్నాను కాబట్టి. లాండ్రీ ఆవిడ కొమ్మని రెండుగా మడిచి చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక దాన్ని బుట్టలోంచి తీశాను. బుట్టలోనే వదిలేశానని రాయాలనుంది, కాని అలా చేయలేదు. ఇంటికి తెచ్చి, మడత సరిచేసి, సోమవారం కార్ఖానాకి పట్టుకెళ్లాను. పెద్దాయన కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు తిప్పితిప్పి చూశాడు. "నువ్వు మొట్టమొదట తెచ్చిన కొమ్మ తర్వాత మళ్లీ ఇన్నాళ్లకి నీ చెయ్యి తిరిగిందమ్మా," అన్నాడు. కాదనలేదు. నా టీ నేను తాగాను.

గురువారం నీ ఉత్తరం వచ్చింది. అన్ని ప్రశ్నలకీ జవాబు రాశాను కాని, నీ ఉత్తరం చివరి వాక్యాన్ని ఇంతసేపూ తప్పించుకుంటున్నాను. "నా చేతికి ఏ పనీ రాదని చిన్నప్పుడే చెప్పావుగా, అందుకే చిన్నచిన్నవే రాయి" అన్నావు. నవ్వుతూనే రాసుంటావు.

నీకు పదమూడు, నాకు పదిహేడు. స్కూల్లో చేతిపనుల పోటీకని నువ్వు అట్టకాగితం టీ నీళ్లలో ముంచి, కాల్చిన చెంచా వెనకవైపుతో వంచి, ఆకులు చేశావు. కొమ్మ పూర్తయిన రోజే నీకు గవదబిళ్లలు లేచి మంచం పట్టావు. నేను నీ తలగడ దగ్గర కూర్చుని ఏమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. "ఇది పెడితే మన పరువు పోతుందే, పొయ్యిలో వేసేశాను," అన్నాను. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. ఆ తర్వాత నువ్వు కత్తెర పట్టుకోగా నేను చూడలేదు.

పొయ్యిలో వేయలేదు. నా పేరు రాసి పోటీకి పెట్టాను. చూడ్డానికి వచ్చినవాళ్లలో మా పెద్దాయన ఉన్నాడు. ఆ కొమ్మ చూసే నన్ను పనిలోకి పిలిచాడు. అమ్మకీ తెలియదు, మీ బావకీ తెలియదు. ఇన్నేళ్లూ ఎదుటివాళ్ల పని చూసి పెదవి విరుస్తూ వచ్చాను కదా, ఆ పెదవి విరవడం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. దొంగసొత్తు ఇంట్లో ఉన్నవాళ్లు అందరి మీదా ఇలాగే అరుస్తారు.

శుక్రవారం పెద్దాయన దగ్గరికి వెళ్లి రెండు కొమ్మల సంగతీ చెప్పాను. ఆయన కత్తెర కింద పెట్టాడు.

"మొదటిది మీ చెల్లెలిదా?"

"అవునండీ."

"ఇప్పటిది లాండ్రీ ఆవిడదా?"

"అవునండీ."

"మరి మధ్యలో ఇరవై ఆరేళ్ల పని?"

"నాదేనండీ."

"అది తెలుస్తూనే ఉందిలే," అన్నాడు.

తిట్టినా బాగుండేది. వెళ్లి పని చూసుకోమన్నాడు, లాండ్రీ ఆవిడని వస్తుందేమో అడగమన్నాడు. సాయంత్రం అటు వెళ్లాను. ఆవిరిలో నిలబడి చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది.

"మీ కొమ్మ బాగుంది. బాగుందనే విప్పేయమన్నాను. కుళ్లుకున్నాను," అన్నాను, ఒక్క గుక్కలో.

పెట్టె నిలబెట్టి నావైపు చూసింది. "నాకు తెలుసండీ."

"తెలిస్తే ఎందుకు పారేశారు?"

"చెప్పింది టీచరు కదా. తెలిసినా, ఇంటికెళ్లాక నమ్మేశాను. ముందు వారాల్లో చేసినవి కూడా తీసి పారేశాను," అంది. కోపంగా అనలేదు. చొక్కా మడుస్తూ అంది.

పెద్దాయన రమ్మన్నారని చెప్పాను. ఆలోచించి, "పొద్దున పూట వస్తాను. మీ పక్కన మాత్రం కూర్చోనండీ," అంది. రేపు సోమవారం నుంచి కిటికీ దగ్గర బల్ల ఆవిడది. నిన్న శనివారం తరగతికి మాత్రం రాలేదు. ప్రిన్సిపాలుగారు ఆకులతో కిరీటం చేసుకుని రెండు గంటలు తల మీంచి తీయలేదు. దాన్ని చూసి నవ్వడానికి నాకు అర్హత లేదని తెలిసినా నవ్వొచ్చింది. నా బుద్ధి అంతే.

నువ్వు తిట్టు. ఉత్తరం రాయడం మానేయాలంటే మానేయి. నీ చేతికి పని రాదన్న మాట మాత్రం ఇవాళ్టితో చెరిపేసుకో. అది అబద్ధం.

ఇంకొక్కటి. నీ కొమ్మ పోలేదు. పెద్దాయన దాన్ని ఇన్నేళ్లుగా తన గదిలో అద్దాల పెట్టెలో ఉంచాడు, నా పేరు చీటీతో. శుక్రవారమే ఆయన్నడిగి ఆ చీటీ చింపి నీ పేరు రాసి కట్టాను. కడుతుంటే కిందనున్న చిన్న ఆకు ఒకటి ఊడి నా అరచేతిలో పడింది. జిగురు తీశాను, రెండుసార్లు పట్టి చూశాను, మళ్లీ సీసా మూత పెట్టేశాను. ఆకుని పెట్టెలోనే కొమ్మ పక్కన ఉంచాను. దాన్ని అతికించడం నాకు చేతకాదు.

ఇట్లు,
నువ్వు ఏమని పిలిచినా పలికే
అక్క